ఏ పథకం గురించి మాట్లాడుతున్నావు?



మాది ఖమ్మం జిల్లా, మధిర పక్క ఊరు. నాలుగు ఊళ్ళు దాటితే ఆంధ్రప్రదేశ్. మా ఆడపిల్లల్ని గంపలగూడెం వైపు ఇచ్చుకుంటాం, అటువాళ్ళ పిల్లల్ని ఇటు చేసుకుంటాం. పెళ్ళిళ్ళలో, దినాల్లో రెండు వైపుల పెద్దవాళ్ళూ ఒకచోట కూర్చుంటే, మోకాళ్ళ నొప్పులూ మనవల చదువులూ అయ్యాక తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "మీకు పింఛనెంత వస్తుంది?" తెలంగాణలో 2019లో వృద్ధుల పింఛను 2016 రూపాయలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై 1 నుంచి 4000, అదీ ఇంటికి తెచ్చి చేతిలో పెడతారు. ఆ మధ్య ఒక పెళ్ళిలో ఈ లెక్క విన్న మా ఊరి అవ్వ, "అయితే నాలుగూళ్ళ అవతల ముసలితనానికి రేటెక్కువన్నమాట" అంది. పందిరంతా నవ్వింది.

నవ్వు ఆగాక వాదన మొదలైంది. "ఇట్లా పంచుకుంటూ పోతే జనం పని చేయడం మానేస్తారు" అని ఒకాయన. "నీ కడుపు నిండింది కాబట్టి అంటున్నావు" అని ఇంకొకాయన. వియ్యాలవారు కాబట్టి ఇద్దరూ గొంతు తగ్గించుకున్నారు. స్నేహితుల మధ్య ఆ మొహమాటం కూడా ఉండదు.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ స్నేహితుల గురించి. ప్రభుత్వం ఇచ్చే డబ్బు మీద, బియ్యం మీద, బస్సు టికెట్టు మీద స్నేహితులు వాదించుకోవాలనే నేనంటాను. అది మనందరి సొమ్ము. కాకపోతే వాదించుకున్నాక కూడా వచ్చే ఆదివారం అదే బల్ల మీద పక్కపక్కన కూర్చోగలగాలి. మా బృందంలో ఒకసారి అది కుదరలేదు. ఎందుకు కుదరలేదో చెబుతాను.

ఆదివారం పొద్దున టీ కొట్టు దగ్గర చేరేవాళ్ళం మేము. ఒకడు బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. ఒకడు మిర్చి రైతు. ఒకడు దర్జీ. ఒకడి కొడుకు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఇంకొకతను ఆటో నడుపుతాడు, మాకంటే చిన్నవాడు, అందర్నీ అన్నా అంటాడు. నేను బడిపంతులుగా చేసి, ఇప్పుడు నెలనెలా ప్రభుత్వ పెన్షను తీసుకుంటున్నవాణ్ణి. సంక్షేమం గురించి మాట్లాడేటప్పుడు మాట్లాడేవాడికి ఏమి అందుతోందో ముందే చెప్పుకోవడం మంచిదని నా ఉద్దేశం.

ఒక ఆదివారం పేపర్లో ఏదో కొత్త పథకం వార్త వచ్చింది. బ్యాంకు మిత్రుడు పేపరు మడిచి బల్ల మీద కొట్టి, "సోమరిపోతుల్ని తయారు చేస్తున్నారురా" అన్నాడు. మామూలుగా అనే మాటే. అందరం తలా ఒకటి అన్నాం. దర్జీ మాత్రం ఏమీ అనకుండా, "కొట్టు తెరవాలి" అని లేచి వెళ్ళాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వాళ్ళమ్మకు పింఛను వస్తుందని, ఇంట్లో నలుగురికి రేషన్ బియ్యం వస్తాయని మాకందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ మాట అన్నప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

చివరికి బ్యాంకు మిత్రుడు తానే చొక్కా గుడ్డ ఒకటి కొని వాళ్ళ కొట్టుకు వెళ్ళాడు. ఎవరూ తప్పు, క్షమాపణ అనే ఊసెత్తలేదు. కొలతలు తీసుకుంటూ దర్జీ అడిగాడట: "మా అమ్మకి డెబ్బై తొమ్మిదేళ్ళురా. ఆ రెండు వేలు ఆపేస్తే ఏ పనికి పోద్దో నువ్వే చెప్పు." "నేను మీ అమ్మని అనలేదు" అన్నాడట ఇతను. "మరి ఎవర్ని అన్నావు?"

ఆ ప్రశ్న మళ్ళీ మా బల్ల దగ్గరికి వచ్చింది, దర్జీతో పాటు. ఎవర్ని అన్నావు? ఏ పథకం గురించి మాట్లాడుతున్నావు? అప్పటినుంచి మా దగ్గర ఒక కట్టుబాటు నడుస్తోంది. పథకాలన్నిటినీ ఒక మూట కట్టి తిట్టకూడదు, ఒక మూట కట్టి పొగడకూడదు. పేరు చెప్పాలి, ఎంత ఇస్తారో చెప్పాలి, ఎవరికి పోతోందో చెప్పాలి. చెప్పుకుంటూ పోతే తమాషా ఏమిటంటే, ఒక్కో పథకం దగ్గర ఒక్కొక్కరు వేరే పక్షంలో తేలుతున్నారు.

ముందు బియ్యం సంగతి చూద్దాం, మనకు అన్నిటికంటే పాత వాదన అదే కాబట్టి. ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. "ఇక కూలీలు పొలంలోకి దిగరు" అనే మాట అప్పుడే విన్నాను. ఆ తర్వాత ధర పెరిగింది, తగ్గింది. 1996లో మూడున్నర అయింది, 2008లో మళ్ళీ రెండు రూపాయలు, 2011లో రూపాయి. ఆహార భద్రత చట్టం కింద ఇచ్చే బియ్యానికి 2023 జనవరి నుంచి అసలు ధరే లేదు. నలభై ఏళ్ళుగా అదే జోస్యం వింటున్నాం, నలభై ఏళ్ళుగా నాట్లు పడుతూనే ఉన్నాయి.

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు. తెలంగాణలో 6. ఎండలో పనిచేసే మనిషి రోజుకు నాలుగు వందల గ్రాముల బియ్యం తింటాడనుకున్నా, ఆరు కిలోలు పదిహేను రోజులకు సరి. మిగతా పదిహేను రోజుల తిండి, నెలంతటి పప్పూ నూనే, పిల్లల ఫీజు, ఇంటి అద్దె, ఫోను రీఛార్జి, మందులు? ఆరు కిలోల బియ్యం చూసుకుని పని మానేసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించమని మా దర్జీ అడిగితే బ్యాంకు మిత్రుడు లెక్క వేసుకుని ఊరుకున్నాడు.

మిర్చి రైతు ఊరుకోలేదు. అతని బాధ వేరు. "మీరు లెక్కలు చెప్తారు. నాకు కాయ ఏరడానికి మనుషులు దొరకటం లేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి పిలిపించుకుంటున్నా. కరువు పని వచ్చాకే ఇట్లా అయింది" అన్నాడు. మావైపు ఉపాధి హామీ పనిని జనం కరువు పని అనే అంటారు. 2005లో చట్టం వచ్చింది, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టారు. ఏడాదికి కుటుంబానికి వంద రోజుల పని అని ఆ చట్టం చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లో అందులో ఎక్కువ భాగం ఎండాకాలంలో, పొలం పనులు లేనప్పుడు జరుగుతూ వచ్చింది. మిర్చి ఏరడం సంక్రాంతి నుంచి ఎండలు ముదిరేదాకా సాగుతుంది కాబట్టి చివరి కోతల్లో రెండూ కొంత ఢీకొంటాయి. అంతవరకు రైతు మాట నిజం. కానీ మా ఊరి కుర్రవాళ్ళు ఖమ్మంలో, హైదరాబాదులో మేస్త్రి పనులకు, డెలివరీ పనులకు వెళ్ళిపోవడం, కూలీల పిల్లలు కాలేజీలకు పోవడం దీనికంటే పెద్ద కారణాలు. కూలి రేటు పెరిగింది. రైతుకు అది కష్టం, కూలికి అది బతుకు. రైతుకు కష్టమైంది కాబట్టి కూలి సోమరి అయిపోడు. ఇది నేను అతనికే చెప్పాను. "గిట్టుబాటు ధర ఇస్తే నేనూ కూలి పెంచుతాను మాస్టారూ" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఉన్నట్టు నటించలేదు కూడా.

డబ్బు ఇస్తే పేదలు పని తగ్గిస్తారా అని అర్థశాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. తర్వాత 2019లో నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, మరో ముగ్గురు కలిసి ఇండొనేషియా, ఫిలిప్పీన్స్, మెక్సికో, మొరాకో, హోండురాస్, నికరాగువా దేశాల్లో పేద కుటుంబాలకు డబ్బు ఇచ్చిన పథకాల ఫలితాలను కలిపి పరిశీలించారు. డబ్బు అందుకున్నవాళ్ళు పని తగ్గించినట్టు వాళ్ళకు ఆధారం కనిపించలేదు. అవి మన పథకాలు కావు, మన ఊళ్ళు కావు, నిజమే. అయినా "మనిషి స్వభావమే అంత" అనేవాళ్ళు ఒకసారి ఆగి ఆలోచించడానికి అది చాలు.

"సరే, పని మానరు. కానీ ఆ బియ్యం అమ్ముకుంటున్నారు కదా" అన్నాడు బ్యాంకు మిత్రుడు. ఇది నిజం, దాచిపెట్టి లాభం లేదు. సైకిళ్ళ మీద, ఆటోల మీద వచ్చి ఇళ్ళ దగ్గర కంట్రోలు బియ్యం కొనుక్కుపోయేవాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలిసినవాళ్ళే. అవి మిల్లుల్లో మళ్ళీ పాలిష్ పట్టి పై దేశాలకు పోతున్నాయని 2024లో కాకినాడ రేవు దగ్గర ఎంత రభస జరిగిందో మీరు విన్నారు. అమ్ముకుంటున్నారంటే అక్కర లేదనేగా అర్థం అని మిత్రుడి వాదన.

దర్జీ ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు. తర్వాతి ఆదివారం ఒక టిఫిను డబ్బా తెచ్చాడు. దొడ్డు బియ్యపు అన్నం. "తినండి" అన్నాడు. తిన్నాం. గొంతు దిగదని కాదు, దిగుతుంది. కానీ ముప్పై రోజులూ రెండు పూటలా అది తినమని ఇంట్లో పిల్లలకు చెప్పడం వేరే సంగతి. పిల్లలు సన్న బియ్యం అడుగుతారు. దొడ్డు బియ్యం అమ్మి, దాని మీద కొంత వేసి, బజార్లో సన్నవి కొంటారు. అక్కర లేక అమ్మడం కాదది. మధ్యలో దళారీ బాగుపడ్డాడు, ఖజానా నష్టపోయింది, నింద ఇల్లాలి మీద పడింది.

తెలంగాణలో 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్న బియ్యం పంపిణీ మొదలైంది. ఆ ఏప్రిల్‌లో చౌక దుకాణాల ముందు నిలబడిన వరసలు చూసి మా బ్యాంకు మిత్రుడే, "ఇన్నాళ్ళూ తప్పు బియ్యానిది, మనుషులది కాదు" అన్నాడు. ఖర్చు మాట కూడా ఎత్తాడు, సన్న వడ్లకు బోనస్ ఇచ్చి కొనాలి, ఎన్నాళ్ళు మోస్తారు అని. ఆ అనుమానం న్యాయమైనదే. అయితే ఇప్పుడు అతను పథకాన్ని పరీక్షిస్తున్నాడు, దర్జీ ఇంటిని కాదు. నాకు ఈ తేడా ముఖ్యం.

అసలు తిరకాసు రైతుబంధు దగ్గర వచ్చింది. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైంది. మొదట ఎకరానికి పంటకు 4000, 2019 నుంచి 5000. రెండు పంటలకు కలిపి ఎకరానికి ఏడాదికి పది వేలు. ఎన్ని ఎకరాలుంటే అన్ని పదివేలు, పరిమితి ఉండేది కాదు. డబ్బు పట్టాదారుకు పోయేది. దున్నేవాడు వేరే అయితే వాడికి పోయేది కాదు. మా మిర్చి రైతుకు సొంతం నాలుగెకరాలు, కౌలుకు చేసేది ఇంకో ఆరు. ఆ ఆరెకరాల రైతుబంధు హైదరాబాదులో ఉండే పట్టాదారు ఖాతాలో పడేది. తెగులు వస్తే మందు కొట్టేది ఇతను, ధర పడిపోతే మునిగేది ఇతను.

అతను ఇది చెబుతుంటే బ్యాంకు మిత్రుడు టీ గ్లాసు పక్కన పెట్టి, తానే లెక్క చెప్పాడు. తాతల నాటి పదెకరాలు అతనికున్నాయి, కౌలుకిచ్చాడు. "నాకు ఏడాదికి లక్ష పడేదిరా. మీ అమ్మకి రెండు వేల పదహారు చొప్పున పన్నెండు నెలలకి ఇరవై నాలుగు వేల నూట తొంభై రెండు." బ్యాంకులో పనిచేసినవాడు కదా, రూపాయి కూడా తప్పలేదు. దర్జీ ఆ అవకాశాన్ని వాడుకోలేదు. "నీ పొలం, నీ హక్కు, ఇచ్చారు, తీసుకున్నావు. వద్దనడానికి ఏ కాగితం మీద సంతకం పెట్టాలో నీకూ తెలియదు" అన్నాడు. నేనైతే అంత పెద్దమనసుతో ఉండేవాణ్ణో లేదో.

రైతుబంధు మీద నా అభిప్రాయం నేను చెబుతాను. రైతుకు పంట ముందు చేతిలో డబ్బు పెట్టడం మంచి ఆలోచన. ఎకరాల పరిమితి పెట్టకపోవడం, కౌలు రైతును వదిలేయడం అన్యాయం. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్‌లో కుటుంబానికి ఏడాదికి ఆరు వేలే, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు లేదు. అందులోనూ కౌలు రైతు లేడు. పరాధీనత గురించి, ఉచితాల గురించి ఇన్నేళ్ళు ఇంత గట్టిగా మాట్లాడుకున్నాం కదా, ఎకరాల లెక్కన పోయే ఈ డబ్బును ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. రెండు వేల పింఛను తీసుకునే అవ్వనే ఆ పేరుతో పిలిచారు.

డాలస్‌లో ఉన్న అబ్బాయి మాటా చెప్పాలి. వాళ్ళ నాన్న ఫోన్లో మా వాదన వినిపిస్తే, "అంకుల్, ఇవన్నీ ఆపేస్తే తప్ప దేశం బాగుపడదు" అన్నాడు. ఆ అబ్బాయి ఇంజనీరింగు ఫీజు రీయింబర్స్‌మెంటుతో చదివాడు. నలుగురి ముందు ఆ మాట ఎత్తి పొడవడం చాలా సులువు. ఎత్తలేదు. తర్వాత విడిగా ఫోన్ చేసి అడిగాను. వాడు తడుముకోకుండా, "అది పెట్టుబడి మాస్టారూ. నేనిప్పుడు ఇంటికి డబ్బు పంపుతున్నాను, చెల్లి చదువు నేనే చూశాను. ఇది ఖర్చు" అన్నాడు. మా బల్ల దగ్గర వచ్చిన వాదనలన్నిట్లోకి ఇది బలమైనదని ఒప్పుకుంటాను. బడి మధ్యాహ్న భోజనం అలాంటి పెట్టుబడే. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాక దేశమంతా బళ్ళలో వండి పెట్టడం మొదలైంది, అన్నం కోసం వచ్చి చదువు పట్టుబడిన పిల్లల్ని నేను నా తరగతిలో చూశాను. కానీ డెబ్బై తొమ్మిదేళ్ళ ముసలమ్మ మీద పెట్టే రూపాయి ఏ లాభమూ తేదు. తేకపోయినా పెట్టాలి. ఇక్కడ ఆ అబ్బాయీ నేనూ విడిపోయాం. ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

ఆటో తమ్ముడిది ఎవరూ వినని పక్షం. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది. అతని గిరాకీ పడిపోయింది. అతని భార్య ఖమ్మంలో బట్టల కొట్టులో పనిచేస్తుంది, ఆమెకు నెలకు మిగిలే బస్సు ఛార్జీ తక్కువేమీ కాదు. "మా ఇంట్లో నేను వ్యతిరేకం, ఆమె అనుకూలం. రాత్రి అన్నం దగ్గర ఇద్దరం ఆ సంగతి ఎత్తం" అన్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఉచిత బస్సు మొదలుపెట్టి, అక్టోబరులో ఆటో డ్రైవర్లకు పదిహేను వేల చొప్పున ఇచ్చారు. దాన్ని మళ్ళీ ఇంకో ఉచితం అన్నారు కొందరు. ఒక పథకం వల్ల నష్టపోయినవాడికి ఇచ్చేది దానం కాదు, పరిహారం అని నేనంటాను.

ఇక డబ్బెక్కడిది అనే ప్రశ్న. ఇక్కడ బ్యాంకు మిత్రుడి పక్షమే నాది. 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పడింది. మీటరు లేని మోటారుకు నీళ్ళు ఎంత తోడాలో ఎవరూ చెప్పలేదు, బోర్లు లోతుకు పోతూనే ఉన్నాయి. మంచి ఉద్దేశానికి కూడా బిల్లు వస్తుంది. 2013లో సుబ్రమణ్యం బాలాజీ కేసులో, మేనిఫెస్టో వాగ్దానం చట్టం ప్రకారం అవినీతి కాదంటూనే, అది స్వేచ్ఛగా జరగాల్సిన ఎన్నికను దెబ్బతీస్తుందని సుప్రీంకోర్టు అంది, ఎన్నికల సంఘాన్ని మార్గదర్శకాలు తయారు చేయమంది. ఆ తర్వాత వచ్చిన నియమం ప్రకారం, వాగ్దానం చేసే పార్టీ దానికి డబ్బు ఎట్లా తెస్తుందో స్థూలంగా అయినా చెప్పాలి. ఏ సభలోనైనా అది చెప్పగా మీరు విన్నారా? నేను వినలేదు. పింఛను తీసుకునేవాళ్ళను నిలదీయడం మానేసి ఆ మాట వేదిక మీది వాళ్ళను అడిగితే బాగుంటుంది.

శ్రోతలకు నాదొక మనవి. వచ్చే నెల మీ ఊరి చౌక దుకాణంలో బియ్యం ఇచ్చే రోజున, మీకు కార్డు ఉన్నా లేకపోయినా ఒక గంట అక్కడ నిలబడండి. ఎవరు వచ్చారో, ఏమి ఇచ్చారో, తూకం ఎట్లా వేశారో, వేలిముద్ర పడక ఎవరు తిరిగి వెళ్ళారో చూడండి. మీతో వాదించే స్నేహితుణ్ణి కూడా వెంట తీసుకెళ్ళండి. ఆ తర్వాత ఎంత గట్టిగానైనా వాదించుకోండి.